కిందావిడ

బొత్తాలమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెలియలేదన్న చింత ఆమెకూ లేదు. బొత్తాం ఊడినవాళ్ళు ఆమె గుమ్మం ఎక్కేవారు. ఊడిన బొత్తానికి జత దొరకనివాళ్ళు రెండుసార్లు ఎక్కేవారు. గాజు సీసాల్లో రంగురంగులవి, రేకు డబ్బాలో ఇత్తడివి, గుడ్డసంచీలో చిన్నపిల్లల కోట్లకు కుట్టే చెక్క బొత్తాలు. మనిషి బొత్తాలు చూసి మనసు చెప్పేస్తుందని పేరు. పై బొత్తాం ఎన్నడూ పెట్టనివాడు గొప్పలకు పోయేవాడు, పొట్ట దగ్గరిది ఊడినా చూసుకోనివాడు తిండికి లొంగినవాడు, అన్నీ సరిగా పెట్టుకున్నవాడు ఇంట్లో మాట పడేవాడు. తొందరపెట్టినవాళ్ళకు ఆమె జవాబు ఒక్కటే: "అంత తొందరైతే అలాగే వేసుకుపో బాబూ. బొత్తాలు లేకపోతే గాలి బాగా ఆడుతుంది."

నోరు అంత పదునైన మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి నోరు మెదపలేదు. ఆమె ముందుగది నేల కింద ఇంకొకావిడ ఉంది.

అది ఎలా తెలిసిందంటే, మొదట్లో కుట్టుమిషను గోడవారగా ఉండేది. కూతురు పెళ్ళై వెళ్ళాక గదంతా తనదే అయింది. రెండు కిటికీల వెలుతురూ పడుతుందని మిషనును గది నడుమకు జరుపుకుంది. ఆ మధ్యాహ్నం వీధి సద్దుమణిగింది. ఎండకు కాకులు కూడా నోరు మూసుకున్నాయి. తెరగుడ్డకు అంచు కుడుతోంది. కాలు ఆడుతోంది, సూది పరుగెడుతోంది. దారం చూసుకోవడానికి కాలు ఆపింది. మిషను ఆగింది. కింద మాత్రం ఇంకో కుట్టు పడింది.

టక్.

మళ్ళీ తొక్కి ఆపింది. మళ్ళీ అదే. తను ఆపిన తర్వాత ఒకే ఒక్క కుట్టు. ఎవరో తన వెంటే కుడుతూ, ఒక్క కుట్టు వెనకబడిపోతున్నట్టు.

ఇంకొకరైతే ఇల్లు వదిలి పరుగెత్తేవారు. బొత్తాలమ్మ పరుగెత్తలేదు. పరుగెత్తడానికి ఇంకో ఇల్లుండాలి కదా. పైగా కిందావిడకు వంక పెట్టడానికి లేదు. తను కూర్చుంటే కూర్చునేది, తను లేస్తే లేచేది, చేబదుళ్ళు అడిగేది కాదు, పుల్లవిరుపు మాటలు అనేది కాదు. పక్కింటివాళ్ళకన్నా వెయ్యిరెట్లు నయం. పొద్దు వాలుతుండగా మిషనుకు గుడ్డ కప్పి, నేల వంక చూసి, "ఇవాళ్టికి చాలమ్మా, నడుం వాల్చు" అనేది. అలవాటైపోయింది. అలవాటైతే భయం కూడా పెంపుడు పిల్లిలాగా కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంటుంది.

నిజం పిల్లి మాత్రం ఆ గది నడుమ ఎన్నడూ పడుకోలేదు. తలుపు నుంచి వంటింటికి పోవాలన్నా గోడ వెంబడే చుట్టు తిరిగి పోయేది.

ఇంకా ఉన్నాయి. వానలు పడితే గచ్చు నడుమ గుండ్రంగా చెమ్మ పట్టేది, పెద్ద పళ్ళెం బోర్లిస్తే పడ్డ మచ్చలాగా. ఎండల్లో అదే చోట కాలు పెడితే ఐసు ముక్క మీద పెట్టినట్టుండేది. చేతిలోంచి జారిన బొత్తాం గుమ్మం దగ్గర పడినా, కిటికీ కింద పడినా, దొర్లి దొర్లి గది నడుమకే చేరేది. అక్కడ కత్తిరింపుల బల్ల కాలు పక్క నుంచి గోడ వైపుకు సాగిన పగులు ఒకటి గచ్చుకు ఉంది. కొన్ని బొత్తాలు పగులు అంచున ఆగేవి. కొన్ని ఎంత వెతికినా కనిపించేవి కావు. ఎలకలు ఎత్తుకుపోయాయనేది. ఎలకకు బొత్తాలెందుకని ఎవరైనా నవ్వితే, "ఏం, దానికి మాత్రం పరువుండదా?" అనేది.

ఇలా ఎంతకాలమైనా గడిచిపోయేదే. కానీ ఒకరోజు కూతురు ఫోను చేసింది.

"అమ్మా, సెలవు అయిపోతోంది. మళ్ళీ డ్యూటీలో చేరాలి. పాపను పగలంతా నీ దగ్గర దింపి వెళ్తా, సాయంత్రం తీసుకుపోతా. సరేనా?"

"సరేనా అని అడుగుతావేంటే? దాని మొహం చూడ్డానికే కదా నేనింకా కళ్ళద్దాలు మార్పించుకుంటోంది."

"పాకడం మొదలెట్టింది. పట్టుకోలేకపోతున్నాం. నీ ముందుగదైతే విశాలంగా ఉంటుంది, హాయిగా ఆడుకుంటుంది."

బొత్తాలమ్మ మిషను కింది నేల వంక చూసింది. "ముందుగది ఎందుకే? సూదులుంటాయి. వంటింట్లో..."

"వంటింట్లో పొయ్యి ఉంటుంది. ఏమైందమ్మా?"

"ఏమవుతుంది? ఏమీ కాలేదు."

కూతురు గొంతు తగ్గించింది. "అమ్మా, ఒకటి అడుగుతాను, కోప్పడకు. పోయినసారి వచ్చినప్పుడు విన్నాను. నేల వంక చూసి 'చాలమ్మా, నడుం వాల్చు' అన్నావు. ఎవరితో?"

"మిషనుతో."

"మిషనుకు నడుమెక్కడిదమ్మా?"

బొత్తాలమ్మ ఫోనును ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆయన అంటున్నారు, పెద్దవయసు వాళ్ళ దగ్గర పసిదాన్ని ఒంటరిగా వదలడం మంచిది కాదేమోనని. ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే చోటుంది. నేనే ఆపాను. నువ్వు బాగానే ఉన్నానంటే నీ దగ్గరే వదులుతాను. బాగానే ఉన్నావు కదా?"

"నిక్షేపంలా ఉన్నాను" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక మిషను ముందు కూలబడింది. నేల కింద ఎవరో ఉన్నారని చెబితే, తల్లికి మతి పోయిందని పాపను పంపరు. చెప్పకుండా ఊరుకుంటే, పాప ఆ నేల మీదే పాకుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా ఉంది ఆమె పని. నుయ్యి ఎంత దగ్గరగా ఉందో అప్పటికి ఆమెకూ తెలియదు.

ముందు మేస్త్రీని పిలిపించింది. అతను కర్రతో గచ్చు మీద అక్కడా ఇక్కడా తట్టి, పెదవి విరిచాడు. "మట్టి కాస్త కుంగిందమ్మా. పైన ఇంకో పూత వేస్తే సరి."

"కింద ఏముందంటావు?"

"భూమి ఉంటుంది. ఇంకేముంటుంది?"

"పగలగొట్టి చూద్దామా?"

"పగలగొట్టేదీ నేనే, మళ్ళీ పూడ్చేదీ నేనే, నాదేం పోయింది? కానీ మంచి గచ్చు ఎందుకు పగలగొట్టావని రేపు మీ అమ్మాయి అడిగితే నన్నేం చెప్పమంటావు?"

అదే కదా అసలు చిక్కు. అడుగుదామంటే ఇల్లు అమ్మినవాడు ఎప్పుడో పోయాడు. మొగుడు బతికున్నన్నాళ్ళూ వాణ్ణి తిడుతూనే ఉండేవాడు, గోడలు వంకరగా కట్టించాడని. గోడల వంక చూశాడే గానీ పాపం నేల వంక చూడలేదు. మగవాళ్ళ చూపు ఎప్పుడూ మొహానికి ఎదురుగా ఉన్నదాని మీదే. వీధిలో పాతకాపులను అడుగుదామంటే, ఆ వీధికి ఇప్పుడు బొత్తాలమ్మే పాతకాపు.

అలాంటి సమయంలో తమ్ముడు వచ్చాడు. ఊరంతా వ్యాను మీద పార్సిళ్ళు ఇస్తూ తిరిగే మనిషి, దారి తెలిసినా సరే ఫోనులో పటం చూడనిదే మలుపు తిరగడు.

"తమ్ముడూ, ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేదో నీ పటంలో కనిపిస్తుందా?"

"నా పటంలో కనిపించనిది లేదక్కా. ఇదిగో చూడు. ఉపగ్రహం తీసిన ఫోటో. ఇది మూడు దారుల కూడలి, ఇది కాలువ మీద కల్వర్టు, ఇది నీ ఇంటి పైకప్పు."

చూసింది. నీళ్ళ ట్యాంకు గుండ్రంగా అగ్గిపుల్ల తలకాయంత. తమ్ముడు వేలితో జరుపుతుంటే ఏళ్ళు వెనక్కి పోతున్నాయి. ఒక ఏడు పక్కింటికి మేడ లేదు. ఇంకో ఏడు వీధికి తారు లేదు. ఒకచోట ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు. డాబా మీద అది నేనే."

"ఎక్కడ? ఏదో తెల్లగా ఉంది, అంతే."

"ఆ తెల్లటిది నా గళ్ళ దుప్పటి. మూల కాలిపోతే అతుకు వేశాను. దాని పక్కన నల్ల చుక్క నేను." ఫోను వంక అదోలా చూసింది. "పైనుంచి ఒకడు చూస్తూనే ఉంటాడంటే ఇన్నాళ్ళూ మాటవరసకు అనుకున్నాను. జుట్టయినా దువ్వుకుని ఎక్కేదాన్ని."

తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఇంకా వెనక్కి పోనీ."

"ఇంతే అక్కా. అంతకుముందు ఇక్కడికి ఉపగ్రహం ఫోటోలు లేవు."

"ఉపగ్రహం లేకపోతే నేల లేదా?"

ఆ ప్రశ్నకు ఫోనులో జవాబు లేదు. అందుకని అక్కను ఎక్కించుకుని లైబ్రరీకి తీసుకుపోయాడు.

లైబ్రరీలో కంప్యూటర్ల బల్ల దగ్గర కూర్చునే ఆవిడను బొత్తాలమ్మ ముందుగా కోటు బొత్తాలను బట్టి అంచనా వేసింది. అన్నీ ఒకలాంటివి, ఒక్కటి మాత్రం వేరే రకం. దాన్ని దాచిపెట్టే ప్రయత్నమేమీ చేయలేదు. ఫరవాలేదు, నిజం చెప్పే మనిషే అనుకుంది.

"ఉపగ్రహాలకు ముందు సర్వేవాళ్ళు విమానం మీద తిరిగి ఫోటోలు తీశారండీ" అంది లైబ్రరీ ఆవిడ. "వాటిని ఇప్పుడు ఆన్‌లైన్లో పెట్టారు. దొరకబుచ్చుకోవడమే కష్టం."

కష్టమే. ఊరి పేరు కొడితే ఏమీ రాలేదు. వీధి పేరు కొట్టినా రాలేదు. ఆకాశానికి ఊళ్ళ పేర్లు తెలియవు. చివరికి ఆవిడ పేర్లన్నీ వదిలేసి పటం తెరిచింది. దాని మీద వరసలు వరసలుగా చుక్కలు, గుడ్డకు టాకాలు వేసినట్టు. ఒక్కో వరస విమానం పోయిన దారి, ఒక్కో చుక్క ఒక ఫోటో. కాలువ వంపు పట్టుకుని, కల్వర్టు పట్టుకుని, ఆ టాకాల మీద నడుచుకుంటూ వచ్చి ఒక చుక్క మీద నొక్కింది. బూడిదరంగు నేల తెర మీద పరుచుకుంది. ఇళ్ళు లేవు. పొలాలు, కాలిబాట, మూడు దారుల కూడలి. కూడలికి ఇవతల, సరిగ్గా బొత్తాలమ్మ ఇల్లుండాల్సిన చోట, ఒక తెల్లటి మబ్బు.

"ఊరంతా వదిలి నా ఇంటి మీదే కూర్చుందేంటి ఇది?" అంది బొత్తాలమ్మ. "మబ్బు కాదిది, దాపరికం."

"ఏం ఫరవాలేదండీ. విమానం ఫోటో మీద ఫోటో పడేలా తీసుకుంటూ పోతుంది. ఇందులో సగానికి పైగా నేల పక్క ఫోటోలో కూడా ఉంటుంది. మబ్బు జరుగుతుంది, నేల జరగదు."

అతుకు మీద అతుకు. ఆ లెక్క బొత్తాలమ్మకు వెంటనే అర్థమైంది. పక్క చుక్క నొక్కారు. మబ్బు తప్పుకుంది.

పొలం నడుమ గుండ్రటిది ఒకటి కనిపించింది. పై అంచు తెల్లగా, కింది అంచు నల్లగా, బోర్లించిన చిప్పలాగా ఉబ్బి ఉంది.

"దిబ్బ" అన్నాడు తమ్ముడు.

"గడ్డివామైనా కావచ్చు" అంది లైబ్రరీ ఆవిడ. "ఎత్తుగా ఉన్నదేదో."

బొత్తాలమ్మ దాన్ని చూడటం లేదు. దాని అంచునే నువ్వుగింజంత చుక్కను చూస్తోంది. చుక్కకు పొడుగాటి నీడ ఉంది. "మనిషి."

"అయ్యుండొచ్చు. పైనుంచి మనిషి అంతే కనిపిస్తారు. నీడే పెద్దది."

"ఆడమనిషి. నీడ కింద అంచు చూడండి, విచ్చుకుంది. కుచ్చులు పోసి కుట్టిన బట్ట."

లైబ్రరీ ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. వరసలో ఆ తర్వాతి ఫోటో తెరిచింది. అదే పొలం, అదే కాలిబాట, అదే గుండ్రటి దిబ్బ. దాని అంచున చుక్క లేదు. నీడా లేదు.

"ఈ రెండు ఫోటోలకూ ఎంతసేపు తేడా?" అంది బొత్తాలమ్మ.

"అర నిమిషం కూడా ఉండదు."

"చుట్టూ బయలే కదా. చెట్టు లేదు, పుట్ట లేదు. ఎటు పోయింది?"

"నడిచి దిబ్బ వెనక్కి వెళ్ళుంటుందిలే అక్కా" అన్నాడు తమ్ముడు.

"పైనుంచి చూస్తుంటే వెనకేముంటుందిరా?"

లైబ్రరీ ఆవిడ మళ్ళీ మొదటి ఫోటోకు వెళ్ళి చూసింది.

పెద్ద సైజు ఫోటో కావాలంటే ఎందుకో కారణం రాయమంది సర్వేవాళ్ళ సైటు. "నేల కింద ఎవరున్నారో చూడటానికని రాయండి" అంది బొత్తాలమ్మ. లైబ్రరీ ఆవిడ ఆమె మొహం చూసి, 'ఇంటి పునాది పరిశీలన' అని రాసింది. కొన్నాళ్ళకు ఫోటో వచ్చింది. పాతదాన్నీ కొత్తదాన్నీ కూడలీ కల్వర్టూ కలిసేదాకా పెంచి తగ్గించి కాగితం మీద అచ్చుతీసి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించారు, గుడ్డ మీదికి పువ్వుల నమూనా గీసుకునేటప్పుడు ఆనించినట్టు. ఎండ వెనక నుంచి పడింది. కూడలి మీద కూడలి కూర్చుంది, కల్వర్టు మీద కల్వర్టు కూర్చుంది. గుండ్రటి దిబ్బ వచ్చి ముందుగదిలో కూర్చుంది.

తమ్ముడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూశావా అక్కా! దిబ్బను చదును చేసి కట్టారు నీ ఇల్లు. దిబ్బంటే గట్టినేల. ఏనుగుల్ని కట్టేసినా ఏం కాదు. పాపను నిశ్చింతగా వదలమను."

బొత్తాలమ్మ కూడా అలాగే అనుకోవాలని చూసింది. కూతురికి ఫోను చేసి రమ్మంది. "ముందుగదిలోనే ఆడుకుంటుంది లేవే. కింద గట్టినేలేనట" అని కూడా అంది. ఎవరన్నారని కూతురు అడగలేదు. తల్లి మామూలు మాటలు మాట్లాడుతోందన్న సంతోషంలో ఉంది పాపం.

పాప వచ్చే ముందురోజు మధ్యాహ్నం, గది సర్ది, సూదుల డబ్బాలు పైకి ఎక్కించి, ఆ పాత ఫోటో కాగితాన్ని బల్ల మీద పరిచింది. మిషను మీద పని లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. లైబ్రరీలో చూపించినట్టు చూస్తే తన గుమ్మం కాగితానికి పై అంచున ఉంటుంది. సొంత ఇంట్లోకి వీపు పెట్టి దూరినట్టు అనిపించింది ఆమెకు. వీధిలోంచి వచ్చి లోపలికి అడుగుపెట్టినట్టు గుమ్మం తనవైపు ఉంటే తప్ప ఇల్లు ఇల్లులా తోచలేదు. అందుకని కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

దిబ్బ కుంగింది.

కళ్ళు మూసి తెరిచింది. చూస్తుండగానే, బోర్లించి ఉన్న చిప్ప వెల్లకిలా పడింది. ఉబ్బుగా ఉన్నదంతా లోతైపోయింది. నల్లటి అంచు ఇప్పుడు పైన ఉంది, లోపలి గోడ నీడలాగా. తెల్లటి అంచు కింద, ఎండ తగిలిన లోపలి గోడలాగా. కాగితాన్ని మళ్ళీ ఇటు తిప్పితే దిబ్బ. అటు తిప్పితే గొయ్యి. ఇటు దిబ్బ, అటు గొయ్యి. గుడ్డకు మంచి వైపూ తిరగవైపూ ఉన్నట్టు, ఆ నేలకు రెండు మొహాలు. ఇన్నాళ్ళూ అందరూ తిరగవైపు చూసి మంచి వైపనుకున్నారు.

ఆ నువ్వుగింజ నిలబడింది దిబ్బ పక్కన కాదు. నోరు తెరుచుకున్న దాని అంచున.

బొత్తాలమ్మ మెల్లిగా బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిగింది. వీపు గోడకు తగిలేదాకా జరిగింది. అప్పుడు చూసుకుంది, పిల్లి అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

ఏ వంక చెప్పి ఆపాలో రాత్రంతా తేల్చుకోలేకపోయింది. మర్నాడు ఫోను చేసి వద్దని చెప్పేలోపే కూతురు వచ్చేసింది. చంకలో పాప, భుజాన సంచీ, మొహం నిండా తొందర. తమ్ముడు పాల డబ్బాలు మోసుకుంటూ వెనకే వచ్చాడు. బొత్తాలమ్మ వాళ్ళను గుమ్మంలోనే ఆపాలని నోరు తెరిచింది. కూతురు అప్పటికే పాపను నేల మీదికి దింపేసింది.

"ఇక్కడ వద్దే! ఎత్తుకో!"

"ఏంటమ్మా, ఇప్పుడేమైంది మళ్ళీ?"

పాప దించీ దించగానే పరుగు లాంటి పాకుడు మొదలెట్టింది. దాని ముందు ఒక బొత్తాం దొర్లుతోంది. ఏ మూల నుంచి జారిందో, ఎవరి కాలు తగిలిందో. గది నడుమకు, తిన్నగా, తొందరేమీ లేనట్టు దొర్లుతోంది. పాప దాని వెనకే పోతోంది, చెయ్యి చాచి, కేరింతలు కొడుతూ.

బొత్తాలమ్మ ఆ వయసులో అంత వేగంగా కదలగలదని ఎవరూ అనుకోలేదు. పాపను నడుం పట్టి లాగిన లాగుడుకు పసిది ఒక్కసారి గుక్కపట్టింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

కూతురు పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావా? ఇందుకే నేను భయపడింది. నువ్వు బాగాలేవమ్మా. చెప్పుకోవడానికి కష్టంగా ఉంటే చెప్పకు, కానీ పాపను మాత్రం నీ దగ్గర వదల్లేను."

"వదలకు" అంది బొత్తాలమ్మ. "వదలమని అడగను. ఒక్క చప్పుడు విని వెళ్ళు. తమ్ముడూ, తలుపు మూసెయ్. వీధి రొద వద్దు. పాపను ఊరుకోబెట్టవే."

తలుపు మూశాడు. పాల సీసా నోట్లో పెడితే పాప సద్దుమణిగింది. బొత్తాలమ్మ గుడ్డసంచీలోంచి ఒక చెక్క బొత్తాం తీసింది. ఒకచేత్తో గోడకున్న కొక్కెం పట్టుకుని, గది నడుమ మీద కాలు పడకుండా చెయ్యి చాచి, పగులు ఇవతలి కొసలోకి బొత్తాన్ని నిలువుగా జారవిడిచింది. ఇన్నేళ్ళలో ఎన్ని పడ్డాయో. ఎప్పుడూ మిషను చప్పుడో, వీధి చప్పుడో. కూర్చుని విన్నది లేదు.

బొత్తాం లోపలికి పోయింది. ఏమీ వినిపించలేదు. తమ్ముడు ఏదో అనబోయాడు.

టుప్.

చాలా కింద. చాలా మెల్లగా. నీళ్ళ చప్పుడు.

కూతురు పాపను ఎత్తుకునే గోడ దాకా వెనక్కి నడిచింది. తమ్ముడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు, అవి ఎక్కడ ఉన్నాయో అప్పుడే తెలిసినట్టు. "గట్టినేల అన్నానే" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

మేస్త్రీ వచ్చి గోడవార నుంచి గచ్చు తొలిచాడు. కింద బెత్తెడు మందాన మట్టి, మట్టి కింద అడ్డంగా పరిచిన దుంగలు. పగులు కింది మట్టి దుంగల సందుల్లోంచి ఎప్పుడో రాలిపోయింది. ఒక దుంగను చేత్తో నులిమితే పిండిలా రాలింది. ఇన్నేళ్ళూ మిషను, బల్ల, బొత్తాలమ్మ, వచ్చిపోయే జనం, అందరూ ఆ పిండి మీదే నిలబడ్డారు. పొలం రోజుల నాటి పెద్ద బావి. పూడ్చడానికి బద్ధకించినవాడెవడో మూత పెట్టి ఊరుకున్నాడు. మూత మీద ఇల్లు కట్టి అమ్మాడు. రాతి అంచు మీద తాడు ఒరుసుకుపోయిన గాడులు ఇంకా నున్నగా ఉన్నాయి.

మేస్త్రీ పరాచికాలాడుతూనే టార్చి లోపలికి వేశాడు. తర్వాత టార్చి బొత్తాలమ్మ చేతికిచ్చి వెనక్కి జరిగాడు.

నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద తేలుతూ చెక్క బొత్తాలు. తడికి ఉబ్బి, వెలిసిపోయి, ఒక్కోదానికి రెండేసి చిల్లులు. అన్నీ పైకి చూస్తున్నాయి.

"నువ్వు కుట్టే చప్పుడే కింద తగిలి తిరిగి వచ్చేదమ్మా" అంది కూతురు. "అంతే. ఎవరూ లేరు."

"అంతే" అంది బొత్తాలమ్మ.

"నేను నిన్ను అనరాని మాట అన్నాను."

"నువ్వేమీ అనలేదు, మీ ఆయన అన్నాడు. అతని బొత్తాలు నేను పెళ్ళిచూపుల్లోనే చూశాను."

పూడ్చేముందు నీళ్ళు తోడించి తీరాలని పట్టుబట్టింది. అడుగున బురద, తుప్పు పట్టిన బకెట్టు, ఇత్తడి బొత్తాలు, ప్లాస్టిక్కు బొత్తాలు. ఇంకేమీ లేదు. బురద అడుగున ఇంకో బురద ఉంటుందని మేస్త్రీ అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. రాళ్ళు పోశారు, ఇసుక పోశారు, తడిపి దిమ్మిస కొట్టారు. రసమట్టం పెట్టి మరీ కొత్త గచ్చు తీశారు. ఇప్పుడు బొత్తాం ఎక్కడ పడితే అక్కడే ఆగుతోంది. పిల్లి కూడా వచ్చి గది నడుమ పడుకుంది, ఏనాటి నుంచో తనదేనన్నట్టు.

పాప రోజూ వస్తోంది. బొత్తాలమ్మ మిషను మళ్ళీ గది నడుమనే వేసుకుంది. మొదటి రోజు తొక్కి, ఆపి, చెవి ఒగ్గింది. కింద ఏమీ లేదు. ఆ గది అంత ఖాళీగా ఎన్నడూ అనిపించలేదు. పొద్దు వాలినప్పుడు అలవాటుగా నేల వంక చూసి, ఏమీ అనకుండా గుడ్డ కప్పేసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం, వీధి సద్దుమణిగిన వేళ, ఏదో గౌనుకు చేతులు తగిలిస్తోంది. వెనక చాప మీద పాప ఖాళీ దారపు రీలుతో ఆడుకుంటోంది. బొత్తాలమ్మ కాలు ఆపింది.

టక్.

వెనక నుంచి. పాప రీలును గచ్చుకేసి కొట్టింది కాబోలు. నవ్వుకుంది. మళ్ళీ తొక్కి ఆపింది. టక్. ఒక్క కుట్టు వెనక, సరిగ్గా అంతే. పసిపిల్లలకు తాళం తొందరగా పట్టుబడుతుందంటారు. ఈసారి చాలాసేపు తొక్కి, అంచు మధ్యలో, ఎవరూ అనుకోని చోట ఆపేసింది.

టక్.

తిరిగి చూడాలనిపించింది. చూస్తే పాప చేతిలో రీలు ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ సంగతి తెలుసుకోవాలని ఆమెకు లేదు. చూపు మిషను మీదే నిలిపి, వెనక్కి చెయ్యి చాచి, తడుముకుని, వెచ్చటి చిన్న చెయ్యి దొరకగానే పాపను పైకి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

వెలుతురు పోయేదాకా కుట్టింది. కాలు ఒక్కసారి కూడా ఆపలేదు.